ఆరాధనలో ప్రేక్షకులు లేరు

ఆదివారం తెల్లవారేసరికి హైదరాబాదులోని మియాపూర్, హఫీజ్‌పేట వైపు దారులు నిండిపోతాయి. ముందు ట్యాంకు మీద పిల్లాణ్ని, వెనక భార్యను కూర్చోబెట్టుకున్న బైకులు, కిక్కిరిసిన ఆటోలు, చేతిసంచుల్లో బైబిళ్లు పెట్టుకుని బస్సులు దిగే ఆడవాళ్లు. వీళ్లలో చాలామంది వెళ్లేది కల్వరి టెంపుల్‌కు. డాక్టర్ పి. సతీష్ కుమార్ 2005లో మొదలుపెట్టిన సంఘం అది. 2013 జనవరిలో ప్రారంభమైన ఆ మందిరాన్ని 52 రోజుల్లో కట్టామని సంఘం చెబుతుంది. వేల మంది ఒకేసారి కూర్చోగల ఆ హాలుకు కూడా ఆదివారం ఒక ఆరాధన సరిపోదు. పొద్దు పొడవకముందే మొదలై ఒకదాని వెంట ఒకటి నడుస్తూనే ఉంటాయి.

అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి సందుల్లో ఇంకో రకం ఆదివారం కనిపిస్తుంది. అద్దెకు తీసుకున్న ఫంక్షన్ హాలో, స్కూలు ఆడిటోరియమో. ముందురోజు రాత్రి జరిగిన రిసెప్షన్ తాలూకు పూలరేకులు ఊడ్చి, కుర్చీలు వరసగా వేసి, స్పీకర్లకు వైర్లు కలిపి, కీబోర్డు తెచ్చి పెట్టేది వారమంతా కంప్యూటర్ల ముందు పనిచేసే కుర్రాళ్లే. మధ్యాహ్నానికి మళ్లీ అన్నీ విప్పి కారు డిక్కీలో సర్దేదీ వాళ్లే.

1998 నవంబరులో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమైన నాటి నుంచి ఈ ఐటీ కారిడార్‌కు వచ్చి స్థిరపడ్డవారిలో గుంటూరు లూథరన్లున్నారు, ఒంగోలు బాప్టిస్టులున్నారు, మెదక్, దోర్నకల్ సీఎస్ఐ కుటుంబాలున్నాయి, ఫాతిమానగరం కథోలికులున్నారు, హెబ్రోను సహవాసాల్లో పెరిగినవాళ్లూ పెంతెకొస్తు వాళ్లూ ఉన్నారు. కేరళ నుంచి, తమిళనాడు నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు వీళ్లకు తోడు. ప్రతి ఒక్కరూ తమ ఊరి గుడిలో ఆదివారం ఎలా గడిచేదో ఆ జ్ఞాపకాన్ని వెంట తెచ్చుకున్నారు. ఒకరికి ఆరాధన అంటే నిలబడి చదివే ప్రార్థనల పుస్తకం, ఇంకొకరికి చాప మీద మోకాళ్లూనిన గంట, మరొకరికి డోలక్, కంజీర.

కొత్తగా ఊళ్లోకి వచ్చిన ఉద్యోగి సంఘం కోసం వెతుక్కునేటప్పుడు స్నేహితులను అడిగే మాటలు మాత్రం దాదాపు ఒకటే. పాటలు బాగుంటాయా? వర్తమానం బాగుంటుందా? పార్కింగు ఉందా? ఈ ప్రశ్నల్లో తప్పు లేదు. కానీ ఇవన్నీ వేదిక మీద ఉన్నవాళ్లు ఏమి ఇస్తారన్న ప్రశ్నలే. కింద కూర్చున్న మూడొందల మంది ఏమి చేస్తారని ఎవరూ అడగరు. ఆ ఆదివారం ఆరాధన ఎలా ఉండబోతోందో నిజానికి చాలావరకు తేల్చేది ఆ మూడొందల మందే.

ఇది భక్తి మాటే కాదు, భౌతికశాస్త్రం కూడా. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరం ఎందుకూ పనికిరాకుండా పోయింది. మాట్లాడిన మాట గోడలకు తగిలి తిరిగివచ్చి తర్వాతి మాటలతో కలిసిపోయేది. దాన్ని సరిచేయమని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రివేళల్లో పక్క థియేటరు నుంచి సీటు దిండ్లు మోయించి తెచ్చి, ఒక్కొక్కటే పరుస్తూ శబ్దం ఎంతసేపటికి చల్లారుతుందో కొలిచాడు. మనుషులను కూర్చోబెట్టి కూడా కొలిచాడు. ఒక మనిషి శరీరం దాదాపు ఆరు దిండ్లంత శబ్దాన్ని పీల్చుకుంటుందని తేలింది. అంటే నోరు విప్పకుండా వెనక వరసలో కూర్చున్న మనిషి కూడా ఆ గదిలో శబ్దాన్ని మార్చేస్తాడు. ఖాళీ హాల్లో శనివారం రాత్రి సౌండ్ సరిచూసుకున్న కుర్రాడు ఆదివారం జనం నిండాక మళ్లీ మీటలన్నీ తిప్పుకోవలసి వచ్చేది ఇందుకే.

కూర్చుంటేనే ఇంత మార్పు ఉంటే, పాడితే?

తెలుగు క్రైస్తవ కీర్తన మొదటి నుంచీ జనం పాడటానికే పుట్టింది. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్న పురుషోత్తమ చౌదరి ఒడిశా సరిహద్దుల నుంచి తెలుగు నేలంతా తిరిగి రాసిన కీర్తనలు నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. భజన గోష్ఠుల్లో, హరికథల్లో జనం చెవులకు అలవాటైన కట్టుబాటే ఇది. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి చదువురాని అవ్వకు కూడా రెండోసారికే నోటికి వస్తుంది. పల్లె గుడుల్లో ఉపదేశి ఒక చరణం చెబితే సంఘమంతా అందుకునేది. పుస్తకం ఒకటే ఉన్నా పాట వంద గొంతుల్లో ఉండేది.

ఈ సంగతికి ఇంకో లోతు ఉంది. 1866లో ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు. ఆయన తన బంధువుల ఊళ్లన్నీ తిరిగి చెప్పగా మొదలైన కదలిక ఎక్కడిదాకా వెళ్లిందంటే, 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరి దేవుడి గుడి గడప దాటనివ్వని మనుషులు, పంచాయితీలో నోరెత్తనివ్వని మనుషులు, తామే నిలబడి పాడి, ప్రార్థించి, సాక్ష్యం చెప్పగలిగిన చోటు అది. తెలుగు సంఘంలో అందరి గొంతూ వినబడాలన్న పట్టింపు వెనక ఈ చరిత్ర ఉంది. అందుకే ఆ గొంతు ఎక్కడ తగ్గిపోతున్నా అది చిన్న విషయం కాదు.

ఐటీ కారిడార్‌లోని చాలా సంఘాల్లో అది తగ్గిపోతోంది. ఎవరూ కావాలని చేస్తున్నది కాదు. ప్రతిభ ఉన్న పిల్లలు, మంచి కీబోర్డులు, డ్రమ్ములు, ఎల్ఈడీ తెరలు ఉన్నాయి. యూట్యూబులో హిట్టయిన పాటను అదే శ్రుతిలో, అదే అలంకారాలతో పాడతారు. రికార్డింగు స్టూడియోలో పేరున్న గాయకుడు ఎంచుకున్న శ్రుతి ఆయన గొంతుకు సరిపోయింది. అది ఉదయం తొమ్మిదింటికి కాఫీ కూడా తాగకుండా వచ్చిన నలభై ఏళ్ల అకౌంటెంటుకు సరిపోదు. ఆయన మొదటి చరణం ప్రయత్నిస్తాడు, రెండో చరణంలో పెదవులు కదుపుతాడు, మూడో చరణానికి తెర వైపు చూస్తూ నిలబడతాడు. స్పీకర్ల హోరులో ఆయన ఆపేసిన సంగతి ఎవరికీ తెలియదు, చివరికి ఆయనకు కూడా. తన గొంతు తనకు, పక్కవాడి గొంతు తనకు వినబడని చోట ఎవరూ ఎక్కువసేపు పాడరు. పాట నడిపించేవాళ్లు రెండు శ్రుతులు దించుకుంటే, ఒక చరణం వాయిద్యాలన్నీ ఆపేసి గొంతులకే వదిలేస్తే తేడా ఆ క్షణంలోనే తెలుస్తుంది. డబ్బు ఖర్చు లేని మార్పు ఇది.

కలిసి పాడితే ఒంట్లో ఏమవుతుందో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2013లో ప్రచురించారు. పద్దెనిమిదేళ్ల విద్యార్థులు పదిహేను మందిని కూర్చోబెట్టి, ఒక రాగం తీయించారు, ఒక క్రైస్తవ కీర్తన పాడించారు, నెమ్మదైన మంత్రంలాంటి పాట పాడించారు. పాటలోని పాదాల పొడవును బట్టి అందరి ఊపిరీ ఒకే లయలో నడిచింది. దాని వెంట గుండె కొట్టుకునే వేగం కూడా కలిసి పెరిగి కలిసి తగ్గింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ఇంకో సంగతి చెప్పారు. కొత్తగా చేరిన తరగతుల్లో పాటలు నేర్చుకునేవాళ్లు, చేతిపనులో కథలు రాయడమో నేర్చుకునేవాళ్లకంటే త్వరగా ఒకరికొకరు దగ్గరయ్యారు. నెలలు గడిచాక మిగతావాళ్లూ అంతే దగ్గరయ్యారు గానీ, మొదటి బిడియాన్ని త్వరగా పోగొట్టింది పాటే. పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియకుండా ఏళ్లు గడిపే ఊరికి ఇది పనికొచ్చే కబురు. అయితే పాడినవాళ్లకే ఆ ఫలితం. నిలబడి విన్నవాళ్ల సంగతి ఆ పరిశోధనలు చెప్పలేదు.

హైదరాబాదులో ఈ విషయం మీద మాట్లాడాలంటే ముషీరాబాద్ దగ్గర గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను దగ్గర ఆగక తప్పదు.

దాన్ని స్థాపించిన భక్త సింగ్ పంజాబులో 1903లో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంగ్లండులో, తర్వాత కెనడాలో ఇంజనీరింగు చదివారు. ఐటీ కారిడార్‌లోని ఇంజనీర్లకు ఈ వివరం దగ్గరగా అనిపించవచ్చు. 1929లో కెనడాలో ఉండగా క్రీస్తును నమ్మి, 1933లో భారతదేశానికి తిరిగివచ్చి ఊరూరా ప్రకటిస్తూ తిరిగారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా అనే సంఘాన్ని, 1950లో హైదరాబాదులో హెబ్రోనును మొదలుపెట్టారు. 2000 సెప్టెంబరు 17న ఇక్కడే కన్నుమూసేదాకా ఆయన జీవితం హెబ్రోనుతో ముడిపడి ఉంది. ఆ తరహా సహవాసాలు తెలుగు ఊళ్లలో వందలుగా పుట్టాయి.

ఆ సహవాసాల్లో ఆదివారం ఆరాధన ముందుగా కాగితం మీద రాసిపెట్టుకున్న వరసలో సాగదు. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లు ఒకవైపు మగవాళ్లు ఒకవైపు నేల మీద కూర్చుంటారు. ఒకరు సీయోను గీతాల్లోంచి పాట నంబరు చెబుతారు, అందరూ అందుకుంటారు. ఇంకొకరు లేచి దేవుణ్ని స్తుతిస్తారు. ఆయన ముగించేసరికి మరో మూల నుంచి ఇంకో గొంతు. కూరగాయల వ్యాపారి అందుకున్న మాటను బ్యాంకు మేనేజరు కొనసాగిస్తాడు. మధ్యమధ్య నిశ్శబ్దం కూడా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి వెనక కీబోర్డు ఉండదు, నడిపించేవాడు తొందరపడి మైకు అందుకోడు. ఎవరో ఒకరు లేచేదాకా అందరూ వేచి ఉంటారు. రొట్టె విరిచి, వాక్యం విని, చివరికి వరసగా కూర్చుని ఒకే అన్నం తింటారు. దాన్ని ప్రేమ విందు అంటారు. కులం పేరు మీద కలిసి తినని రోజుల్లో, అందరూ నేల మీద ఒకే బంతిలో కూర్చోవడం ఆరాధన తర్వాతి కార్యక్రమం కాదు, ఆరాధనలో భాగమే.

ఈ పద్ధతిలో ఇబ్బందులు లేకపోలేదు. మాటకారి ఒకరు ప్రతివారం లేచి ఇరవై నిమిషాలు ప్రార్థిస్తే మిగతావాళ్లకు ఓపిక కావాలి. చేసిన స్తుతే మళ్లీ మళ్లీ వినబడవచ్చు. అయినా ఆ గదిలో కూర్చున్న మనిషికి తన వంతు ఏదో ఉందన్న ఎరుక ఉంటుంది. వారం మధ్యలోనే ఆదివారం ఏ మాటతో స్తుతించాలా అని ఆలోచిస్తాడు. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం పద్నాలుగో అధ్యాయంలో, మీరు కూడివచ్చినప్పుడు ఒకరు కీర్తన, ఒకరు బోధ, ఇంకొకరు మరొకటి తెస్తారని చెప్పినదాన్ని హైదరాబాదులో అక్షరాలా అమలు చేయాలని చూసినవాళ్లు వీళ్లు.

రాసిపెట్టిన క్రమం ఉన్న సంఘాల్లో జనానికి పాత్ర ఉండదని దీన్ని బట్టి అనుకుంటే పొరపాటు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్ఐగా ఏర్పడ్డాయి. 1950లో తమ సొంత ప్రభు భోజన ఆరాధన క్రమాన్ని తయారు చేసుకున్నాయి. అందులో గురువు బల్ల వెనక నిలబడి సంఘం వైపు ముఖం పెడతాడు. ప్రార్థన మధ్యలో సంఘం గొంతెత్తి చెప్పవలసిన మాటలుంటాయి, అవి లేకుండా ప్రార్థన ముందుకు సాగదు. సమాధానం, అంటే శాంతి, అందించుకోవడం కూడా అందులో చేర్చారు. కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర ఉన్న పాత ఆచారం అది. గురువు నుంచి మొదలై, ఒకరి కుడి చేయి ఇంకొకరి కుడి చేతితో కలిపి, ఎడమ చేయి పైన మూసి, వరస వెంట వరసగా ఆ సమాధానం మందిరం చివరిదాకా చేరుతుంది. మధ్యలో ఒక్కరు చేతులు ముడుచుకుంటే అక్కడితో ఆగిపోతుంది.

ఆ కాలంలో పాశ్చాత్య దేశాల ప్రధాన సంఘాల్లో ఇలాంటిది అరుదు. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచంలోని అనేక సంఘాలు తమ ఆరాధన క్రమాలను తిరగరాసుకున్నప్పుడు దక్షిణ భారతం నుంచి వచ్చిన ఈ క్రమాన్ని ముందు పెట్టుకున్నాయి. తెలుగువాళ్లు కూడా సభ్యులైన ఒక సంఘం ప్రపంచానికి ఆరాధన నేర్పిన సందర్భం ఇది. మన దగ్గర దీన్ని గురించి మాట్లాడుకునేది చాలా తక్కువ.

1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మెదక్ మహాదేవాలయంలో నిలబడితే ఇంకో విషయం తోస్తుంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వంలో, కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పనీ తిండీ ఇస్తూ కట్టించిన కట్టడం అది. 175 అడుగుల గోపురం, ఐదు వేల మంది పట్టే స్థలం. ఆ రాళ్లు మోసినవాళ్ల మనుమలు, మునిమనుమలు ఎంతమంది ఇవాళ కొండాపూర్‌లో ల్యాప్‌టాప్‌లు మోస్తున్నారో! ఆరాధనా స్థలాన్ని తమ చేతులతో కట్టుకున్న కుటుంబాల పిల్లలు ఆరాధనకు ప్రేక్షకుల్లా వెళ్లి రావడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

కథోలిక సంఘంలో పెద్ద మలుపు 1963 డిసెంబరు 4న వచ్చింది. రెండో వాటికన్ మహాసభ ఆ రోజున ఆమోదించిన ఆరాధన శాసనం, విశ్వాసులందరూ పూర్తిగా, ఎరిగి, చురుగ్గా పాల్గొనాలని కోరింది. అంతదాకా లాటిన్‌లో సాగిన పూజ తెలుగులోకి వచ్చింది. గృహిణులు, విద్యార్థులు పీఠం దగ్గరికి వచ్చి పఠనాలు చదువుతారు, అర్పణలను సంఘం వెనక నుంచి మోసుకొస్తారు. చదివేవారు శనివారం రాత్రి ఆ భాగాన్ని రెండుసార్లు బిగ్గరగా చదువుకుని వచ్చారా, లేక అప్పుడే పుస్తకం తెరిచారా అన్నది వినేవాళ్లకు మొదటి వాక్యంతోనే తెలిసిపోతుంది. ఆ ఐదు నిమిషాల సిద్ధపాటు మూడొందల మంది విన్నదాన్ని మారుస్తుంది.

జనం ఇలా పాల్గొనడం కొత్తదేమీ కాదు. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే విశ్వాసి, చక్రవర్తికి తమ మతం ఏమిటో వివరిస్తూ రాసిన పుస్తకంలో ఆదివారం కూడిక వర్ణన ఉంది. పఠనాలు, ఉపదేశం, అందరూ లేచి చేసే ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం. కృతజ్ఞతా ప్రార్థన ముగియగానే జనమంతా ఆమేన్ అంటారని ఆయన ప్రత్యేకంగా రాశాడు. రాలేకపోయినవారికి పరిచారకులు వాళ్ల ఇళ్లకే రొట్టె తీసుకెళ్తారనీ రాశాడు. రెండు శతాబ్దాలు దాటాక జెరోము, రోము గుడుల్లో ఆ ఆమేన్ ఉరుములా వినబడేదని గుర్తు చేసుకున్నాడు. అప్పటికి మైకులు లేవు.

ప్రసంగం మాటేమిటి? అదైనా ఒక్కడి పనే కదా అనిపిస్తుంది. బోధించిన ఏ పాస్టరును అడిగినా ఒప్పుకోరు. బైబిలు తెరిచి వచనం వెతికే కాగితాల చప్పుడు, ముందు వరసలో నోట్సు రాసుకునే విద్యార్థి, ఒక మాట దగ్గర తలూపే ముసలామె, మధ్యలో ఎవరో అనే స్తోత్రం, ఇవన్నీ బోధకుడికి అందుతూనే ఉంటాయి. వాటిని బట్టి ఒకచోట ఆగుతాడు, ఒకచోట ఇంకోసారి చెబుతాడు. అమెరికాలోని నల్లజాతి సంఘాల్లో ఈ ఎదురు పలకడం ఒక కళగా ఎదిగింది. మన పల్లె కూడికల్లోనూ ఉంది. కారిడార్ సంఘాల్లో బైబిలు ఇప్పుడు ఫోనులో ఉంటుంది. వచనం చదువుతున్నాడో, ఆఫీసు సందేశానికి జవాబిస్తున్నాడో బోధకుడికి తెలియదు. పక్కన కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది, వాళ్ల చూపూ అటే పోతుంది.

ఇక్కడి సంఘాల్లో తరచు కనిపించే ఇంకో మనిషి తర్జుమా చేసేవారు. బోధకుడు ఇంగ్లిషులో మాట్లాడుతుంటే పక్కనే నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెబుతారు. గొంతు పెంచితే పెంచాలి, చేయి ఎత్తితే ఎత్తాలి. అదే సమయంలో బోధకుడి మాట అర్థంకాని అమెరికా ఛలోక్తి అయితే దాన్ని ఎలాగో మనవాళ్లకు చేర్చాలి. భక్త సింగ్ కూటాలలోనూ ఆయన పక్కన తర్జుమా చేసేవారు ఉండేవారు. తెలుగు క్రైస్తవం విన్న గొప్ప ప్రసంగాల్లో సగం శ్రమ ఇలాంటివాళ్లది.

డెన్మార్కు తత్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ 1847లో ఈ మొత్తం విషయాన్ని నాటకం భాషలో చెప్పాడు. గుడికి వెళ్లేవాళ్లు బోధకుణ్ని నటుడిగా, తమను ప్రేక్షకులుగా అనుకుంటారు. అసలు బోధకుడు తెర పక్కన నిలబడి మాట అందించేవాడే, నటులు కింద కూర్చున్నవాళ్లు, చూసేవాడు దేవుడు అన్నాడు. పద్యనాటకాలు చూసి పెరిగిన తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మాట అందించేవాడు ఎంత బాగా అందించినా, నటుడు నోరు విప్పకపోతే ఆ రాత్రి నాటకం లేదు.

గేటు దగ్గర నిలబడి వందనాలు చెప్పేవాళ్ల గురించి, పార్కింగు దగ్గర ఎండలో నిలబడేవాళ్ల గురించి ఎవరూ పాట రాయరు. కానీ కొత్తగా వచ్చిన అమ్మాయి రెండో ఆదివారం వస్తుందా రాదా అన్నది చాలాసార్లు వీళ్ల చేతిలోనే ఉంటుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి పీజీ హాస్టల్లో ఉంటున్న పిల్ల, ఒంటరిగా వచ్చి వెనక కూర్చుని, ఆశీర్వచనం కాగానే వెళ్లిపోతుంది. ఎవరైనా ఒక అక్క పక్కన జరిగి కూర్చుని, పాటల పుస్తకం తన వైపు తిప్పి, ఏ ఊరమ్మా అని అడిగితే ఆ ఆదివారం వేరుగా ఉంటుంది.

చంటిపిల్లల ఏడుపు గురించి కూడా చెప్పుకోవాలి. పిల్లలను సండే స్కూలు పేరుతో వేరే గదికి పంపడం నగర సంఘాల్లో మామూలైంది. పాఠం మంచిదే. కానీ తండ్రి కళ్లు మూసుకుని ప్రార్థించడం, తల్లి పాడుతూ కన్నీళ్లు తుడుచుకోవడం చూడకుండా పెరిగిన పిల్లవాడు ఆరాధన ఎక్కడ నేర్చుకుంటాడు? కనీసం మొదటి అరగంట పిల్లలను పెద్దల మధ్యే ఉంచే సంఘాల నిర్ణయం సరైనదనిపిస్తుంది. ఆ కాస్త అల్లరిని భరించడం మిగతావాళ్ల వంతు.

ఆడవాళ్ల గొంతు ఇంకో పెద్ద విషయం. చాలా తెలుగు సంఘాల్లో పాటను మోసేది వాళ్లే, ఉపవాస ప్రార్థనలకు వచ్చేది ఎక్కువగా వాళ్లే. బల్ల దగ్గర, పుల్పిటు దగ్గర మాత్రం చాలాకాలం మగవాళ్లే కనిపించారు. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్ప లలిత బిషప్ అయ్యారు. సీఎస్ఐలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఒక తెలుగు డయోసిస్ నుంచే రావడం ఈ దిశలో చెప్పుకోదగ్గ అడుగు.

పాడలేని రోజూ ఉంటుంది. ఉద్యోగం పోయిన వారం, రిపోర్టు చేతికి వచ్చిన వారం, ఇంట్లో శవం లేచిన నెల. అలాంటి మనిషి ఆ రోజు నోరు విప్పకపోయినా ఆరాధన నుంచి తప్పుకున్నట్టు కాదు. చుట్టూ ఉన్నవాళ్లు పాడుతుంటే ఆ మాటలు ఆయన తరఫున కూడా పలుకుతున్నట్టే. విజ్ఞాపన ప్రార్థనలో ఆ ప్రాంతపు బతుకంతా వినబడుతుంది. వీసా ఇంటర్వ్యూలు, ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నవాళ్లు, లేఆఫులు, పిల్లలు లేని దంపతులు, ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులు. ఇవి సంఘస్థులు చీటీల మీద రాసి ఇస్తేనే ప్రార్థనలోకి వస్తాయి. చీటీ రాయడానికి సిగ్గుపడే సంఘంలో ప్రార్థనలు గాలిలో తేలుతున్నట్టుంటాయి.

ఇదంతా ఎంత నిజమో 2020లో తెలిసింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 12న ఈస్టరు ఖాళీ మందిరాల్లో జరిగింది. బోధకుడు ఫోను కెమెరా ముందు నిలబడి ప్రసంగించాడు, గాయకులు ఎవరింట్లో వాళ్లు పాడి పంపిన వీడియోలు కలిపి చూపించారు. సాంకేతికంగా లోటు లేదు, ఈ ప్రాంతంలో ఆ నైపుణ్యానికి కొదవే లేదు. వీడియో కాల్‌లో అందరూ కలిసి పాడబోతే మాత్రం కుదరలేదు. ఒక్కొక్కరి గొంతు ఒక్కో క్షణం ఆలస్యంగా చేరి గందరగోళమైంది. చివరికి నడిపించేవారు ఒక్కరే పాడటం, మిగతావాళ్లు మైకు మూసుకుని తమలో తాము పాడుకోవడం రివాజైంది. జూన్ 8న మందిరాలు తెరుచుకున్నాక దూరం దూరంగా, మాస్కులతో కూర్చుని పాడినవాళ్లకు, ఇన్నాళ్లూ తమకు లేనిది పాస్టరు మాటలు కావని, పక్కవాడి గొంతు అని అర్థమైంది. ఆ తర్వాత కూడా కొందరు ఇంటి నుంచే చూడటానికి అలవాటుపడ్డారు. మంచాన పడ్డవాళ్లకు అది వరం. కాలు కదపగలిగినవాళ్లు ఇంట్లో ఉండిపోతే వాళ్లకంటే మిగతా సంఘానికే ఎక్కువ నష్టం.

యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపస్ అనే పాత పట్టణాన్ని 1930ల్లో తవ్వినప్పుడు మూడో శతాబ్దపు ఇల్లొకటి బయటపడింది. ఆ ఇంటి రెండు గదుల మధ్య గోడ తీసేసి కూడికకు హాలు చేసుకున్నారు. సుమారు డెబ్బై మంది పట్టే గది అది. మనకు తెలిసిన అతి పాత క్రైస్తవ ఆరాధనా స్థలాల్లో అదొకటి. కారిడార్‌లో వారం మధ్యలో జరిగే గృహ కూడికలు దానికంటే చిన్నవి. చందానగర్‌లో ఒక డబుల్ బెడ్రూము ఫ్లాటు, సోఫాలు గోడకు జరిపి పరిచిన దుప్పటి, పదిమంది. పెద్ద సంఘాలు కూడా ఈ కూడికలను పట్టుదలగా నడుపుతున్నాయి, ఎందుకంటే వేల మందిలో తప్పిపోయే మనిషి పదిమందిలో తప్పిపోడు.

ఇక్కడ వేదిక ఉండదు. ఒకరు గిటారు వాయిస్తారు, లేకపోతే చప్పట్లే తాళం. అపార్టుమెంటులో పక్కవాళ్లకు ఇబ్బంది కాకుండా తగ్గించి పాడతారు, కాబట్టి ఎవరు శ్రుతి తప్పినా తెలిసిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. వచనాలు తలా ఒకటి చదువుతారు. ఇంగ్లిషు మీడియంలో చదివి తెలుగు బైబిలు తడబడుతూ చదివే కుర్రాడికి పక్కనున్న ఆంటీ పదం అందిస్తుంది. ప్రార్థన మనవులు ఒక్కొక్కరూ చెబుతారు, కుడివైపు కూర్చున్నవారు ఎడమవైపు వారి కోసం ప్రార్థిస్తారు. నైట్‌షిఫ్టు ఉన్నవాళ్లు ఎనిమిదిన్నరకల్లా లేచి క్యాబు ఎక్కాలి కాబట్టి ముందు వాళ్ల కోసం ప్రార్థించి పంపిస్తారు. టీ తాగుతూ వచ్చే వారం ఎవరింట్లో, పాట ఎవరు మొదలుపెట్టాలి, వాక్యం ఎవరు చెప్పాలి అన్నది మాట్లాడుకుంటారు. సాధారణంగా అప్పటిదాకా నోరు విప్పనివాళ్లకే ఆ పని అప్పగిస్తారు.